మార్కుల సంగతి తర్వాత, పిల్లవాడు తింటున్నాడా?

ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) స్టిమ్యులెంట్ మందులు, అంటే మెదడును ఉత్తేజపరిచే మందులు వాడే పిల్లల మాట వస్తే అందరూ అడిగేది ఒక్కటే: "ఇప్పుడు బాగా చదువుతున్నాడా?" తింటున్నాడా, నిద్రపోతున్నాడా అని అడిగేవారు ఎంతమంది? నా కోపమంతా అక్కడే.

నేను ఈ మందులకు వ్యతిరేకిని కాను. వాటిలో ఒకటైన మిథైల్‌ఫెనిడేట్ 1950ల నుంచి వాడుకలో ఉంది. సరిగ్గా నిర్ధారించి, తగిన మోతాదులో ఇస్తే చాలామందికి మేలు చేస్తుంది. కానీ మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని పెంచే మందు అక్కడితో ఊరుకోదు. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఆకలి చచ్చిపోతుంది. కొందరు పిల్లల్లో ఎదుగుదల నెమ్మదిస్తుంది.

మా అక్క కొడుకు విషయంలో ఇది దగ్గరి నుంచి చూశాను. మధ్యాహ్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తిరిగొచ్చేది. సాయంత్రం మందు ప్రభావం తగ్గే వేళకు చిన్న మాటకే ఏడుపు, విసుగు. పొద్దుపోయాక విపరీతమైన ఆకలి, ఆపైన నిద్ర పట్టకపోవడం. ఇంట్లో అందరూ మొండితనం అన్నారు. మందు దిగిపోయేటప్పుడు ఇలా ఉండవచ్చని, ఆ మందు రాసిచ్చిన డాక్టరు ముందే ఒక్క మాట చెప్పి ఉంటే వాడికి అన్ని తిట్లు తప్పేవి! తర్వాత ఆ డాక్టరే మోతాదు మార్చారు, మాత్ర వేసేముందే కడుపునిండా పెట్టమన్నారు. పరిస్థితి కుదుటపడింది. ఈ మాటలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

మందు మొదలుపెట్టేముందు గుండె జబ్బు ఉందా, కుటుంబంలో చిన్న వయసులో హఠాన్మరణాలు ఉన్నాయా అని అడగాలి. ఆ తర్వాత ఎత్తు, బరువు, రక్తపోటు క్రమంగా చూడాలి. ఇవేవీ చూడకుండా పాత చీటీనే మళ్లీ రాసిచ్చేస్తే అది వైద్యం ఎలా అవుతుంది?

ఇక పరీక్షల ముందు స్నేహితుడి మాత్ర అడిగి వేసుకునే విద్యార్థులు. ఆ మోతాదు మీ గుండెను చూసి రాసింది కాదు. దుర్వినియోగం వల్ల వ్యసనం, ప్రాణాపాయం రావచ్చనే హెచ్చరికను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో ఈ మందులన్నిటికీ ఒకేలా ఉండేలా సవరించింది. మాత్రలు పంచుకోవద్దని కూడా అందులో ఉంది. దయచేసి ఇవ్వకండి, తీసుకోకండి.

మందు వాడుతున్నవారికి ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, లేనివి కనిపిస్తున్నాయి, వినిపిస్తున్నాయి అన్నా వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఏ మందు వాడుతున్నారో అక్కడ చెప్పండి.