పై పోర్షన్ ఓనర్ గారికి

నా బుర్రలో పై పోర్షన్‌లో ఉండి తప్పొప్పులు లెక్కగట్టే సూపర్ ఈగో గారికి, మధ్య పోర్షన్‌లో కిరాయికుండేవాడు నమస్కరించి రాయునది.

మీ అసలు పేరు అంత గంభీరమైనదేం కాదని ఈమధ్యే తెలిసింది. 1923లో, మనోవిశ్లేషణ మొదలుపెట్టిన వియన్నా డాక్టరు ఫ్రాయిడ్ జర్మన్‌లో రాసినవి ఇంట్లో వాడే మాటలే: 'అది', 'నేను', 'పై నేను'. ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్లు వాటికి లాటిన్ కోటు తొడిగి ఇడ్, ఈగో, సూపర్ ఈగో చేశారు. పై నేను అంటే మా దిల్‌సుఖ్‌నగర్ లెక్కలో పై పోర్షన్. ఇక అర్థం కాకపోవడానికేముంది? మీవన్నీ ఓనర్ల బుద్ధులే. మోటర్ స్విచ్ మీ దగ్గర, గేటు తాళం మీ దగ్గర, రాత్రి పది దాటి వస్తే కిటికీలోంచి ఒక దగ్గు. కింది పోర్షన్‌లో 'అది' ఉంటుంది. దానికి బిర్యానీ ఇప్పుడే కావాలి, నిద్ర ఇప్పుడే కావాలి, టీమ్ లీడ్ చెంప ఇప్పుడే పగలాలి. కింద గోలయితే పైనుంచి నాకే తిట్లు, పైన నీళ్లు బంద్ చేస్తే కిందినుంచి నాకే తిట్లు. వీధిలో జనంతో పడేది వేరే.

ఈగోని, అంటే నన్ను, కింది పోర్షన్ అనే గుర్రమెక్కిన రౌతుతో పోల్చాడు ఆ పెద్దమనిషి. గుర్రం పోదలచుకున్న చోటికే తోలుకుపోక తప్పదు పాపం రౌతుకి, అనీ ఒప్పుకున్నాడు. ఆయన మన బరాత్ చూడలేదు గానీ, చూస్తే పేజీలు మిగిలేవి. పెళ్లికొడుకు తలపాగా, కత్తి అన్నీ సరిగానే ఉంటాయి. గుర్రం మాత్రం బ్యాండు ఆగిన చోట ఆగుతుంది.

సరే, ఫిర్యాదుకి వస్తాను. గీజర్.

మంగళవారం పొద్దున అమీర్‌పేటలో రెడ్ లైన్ దిగి బ్లూ లైన్‌కి మారుతున్నాను. వెనకనుంచి జనం నెడుతున్నారు. సరిగ్గా అప్పుడు మీ గొంతు: "గీజర్ బంద్ చేసినవా?" చేశాను. ఎర్ర లైటు ఆరడం చూశాను. స్విచ్ మీద నా తడి వేలి మరక కూడా గుర్తుంది. అయినా పక్కకి జరిగి, గోడకానుకుని ఇంటికి ఫోన్ చేశాను. "నువ్వే బంద్ చేసి పోయినవ్. నిన్న గూడ ఇదే అడిగినవ్," అని మా ఆవిడ పెట్టేసింది. ఈలోగా రాయదుర్గం రైలు పోయింది.

మీ పోరు పడలేక బంజారాహిల్స్‌లో ఒక కౌన్సిలర్ దగ్గరికి పోయాను. ఆమె మెత్తగా "మీ నాన్నగారి గురించి చెప్పండి" అంది. నేను నోరు తెరిచేలోపే మీరు: "ఈ పైసలకు నెల పాలొస్తుండె." తప్పు చేస్తున్నానన్న బాధ తగ్గించుకోవడానికి పెట్టిన ఖర్చుకి మళ్లీ అదే బాధ! యాభై నిమిషాల్లో నలభై మీరే గడియారం చూస్తూ కూర్చున్నారు. ఫీజు మాత్రం నేను కట్టాను.

మీ పుట్టుకకీ ఒక కథ ఉందట. మూడు నుంచి ఐదారేళ్ల లోపు పిల్లవాడు అమ్మ తనకే కావాలని నాన్నతో పోటీకి దిగి, భయపడి, చివరికి ఆ నాన్ననే లోపల పెట్టుకుంటాడట. ఆ ఈడిపస్ తగాదాకి వారసులు మీరు. నాకలాంటి తగాదా గుర్తులేదు. గుర్తులేదంటే అణిచేశావంటారు ఫ్రాయిడ్ మనుషులు. కాదు మొర్రో అంటే అది ప్రతిఘటన అంటారు. ఒప్పుకుంటే, చెప్పాం కదా అంటారు. ఇంత గట్టి బేరం సుల్తాన్ బజార్‌లో కూడా చూడలేదు. 1922లో కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘం పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్, ఈడిపస్ సంగతి మీద ఫ్రాయిడ్‌తోనే ఉత్తరాల్లో వాదించాడు. మీ ఇంటి కాగితాల మీద అభ్యంతరం చెప్పిన మొదటివాణ్ణి నేను కాదన్నమాట.

మీకూ కింది పోర్షన్‌కీ మధ్య నలగకుండా నేను వేసే ఎత్తుల మీద ఫ్రాయిడ్ బిడ్డ అన్నా ఫ్రాయిడ్ 1936లో ఏకంగా పుస్తకమే రాసింది. మా అమ్మమ్మ దగ్గర ఆ సరుకు ముందునుంచే ఉంది: అత్త మీద కోపం దుత్త మీద, ఆడలేక మద్దెల ఓడు, తాటిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డికి.

నన్ను నిజంగా కలుక్కుమనిపించింది ఇంకో మాట. 1933లో వచ్చిన ఉపన్యాసాల్లో ఫ్రాయిడ్ అంటాడు, పిల్లవాడిలో మీరు తయారయ్యేది తల్లిదండ్రుల్ని చూసి కాదు, వాళ్ల సూపర్ ఈగోని చూసి అని. అంటే నాకు ఆర్డరేసేది మా నాయిన కూడా కాదు! నల్లగొండ జిల్లాలో కందిలి వత్తి తగ్గిస్తూ "గ్యాసు నూనె ఊకెనే వస్తదా" అనేవాడట మా తాత. నేను పుట్టకముందే పోయాడు. గీజర్ మొహం చూడని మనిషి మాట మీద అమీర్‌పేటలో నేను రైలు వదులుకున్నాను.

మొన్న దసరాకి నాయిన మా ఇంట్లో నాలుగు రోజులున్నాడు. డెబ్బై రెండేళ్లు. స్నానం చేసి వచ్చాడు, వెనక ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. "నాయినా, గీజర్" అన్నాను. తువ్వాల భుజానేసుకుని పేపరు విప్పుతూ, "ఉండనీ తీ, ఎంతొస్తదిరా బిల్లు" అన్నాడు.

ఆ మాట వినపడలేదనకండి, పక్కనే ఉన్నారు. నేను లేచి పోయి బంద్ చేశాను. తలుపు దాకా వచ్చి, వెనక్కి పోయి మళ్లీ ఒకసారి చూశాను.

ఇట్లు,
మధ్య పోర్షన్