స్పామ్‌లో పడ్డ ఆర్డర్ నష్టం ఎవరి ఖాతాలో?

నర్సాపురం లేసు అల్లికలకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. విదేశీ బయ్యర్ ధర అడిగాడనుకుందాం. ఇక్కడి వ్యాపారి పంపిన కొటేషన్ అతని స్పామ్ ఫోల్డర్‌లో పడితే? పంపినాయనకు మెయిల్ వెళ్లినట్టే కనిపిస్తుంది. బయ్యర్ తనకు జవాబు రాలేదనుకుని ఇంకొకరిని చూసుకుంటాడు. జరిగిందేమిటో ఇద్దరికీ తెలియదు. ఫిల్టర్ పొరపాటు పడటం కంటే, ఆ పొరపాటు ఎవరికీ తెలియకపోవడమే నాకు పెద్ద లోపంగా కనిపిస్తుంది.

ఫిల్టర్లు వద్దని ఎవరూ అనరు. అవి లేకపోతే లాటరీ మోసాల మధ్య అసలు మెయిల్ వెతుక్కోవాల్సిందే. కానీ మాటలను లెక్కగట్టి స్పామ్‌ను పట్టే పద్ధతికి 2002లో ప్రచారం తెచ్చిన ప్రోగ్రామర్ పాల్ గ్రాహం కూడా, స్పామ్ రావడం కంటే మంచి మెయిల్ పోవడమే చాలా పెద్ద నష్టమని చెప్పారు.

ఇప్పుడు మెయిల్‌లో ఏముందనే దానితో పాటు ఎవరు పంపారన్నదీ గట్టిగా చూస్తున్నారు. కడియం నర్సరీ ఒకటి చవక హోస్టింగ్‌లో సైటు పెట్టుకుందనుకోండి. అదే సర్వర్‌లో ఉన్న ఇంకెవరో చెత్త మెయిళ్లు పంపితే, సర్వర్ చిరునామా బ్లాక్ లిస్టుకెక్కుతుంది. మొక్కల రేట్లు పంపిన నర్సరీ కూడా దాంతోపాటే ఇరుక్కుంటుంది.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్‌కు రోజుకు 5,000 మెయిళ్లు దాటి పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ చిరునామా నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులు) మూడూ ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. దొంగ చిరునామాలను ఆపడానికి ఇది మంచిదే. అయితే ఆఫర్లు గుప్పించే పెద్ద కంపెనీకి ఇవన్నీ సరిచేసే టెక్నీషియన్ ఉంటాడు. తక్కువ మెయిళ్లు పంపేవాళ్లకూ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా తప్పదు. తెలిసిన కుర్రాడితో సైటు చేయించుకున్న వ్యాపారికి ఆ సెట్టింగులు ఎక్కడుంటాయో కూడా తెలియదు. చివరికి సొంత డొమైన్ వదిలేసి వాట్సాప్‌కు మళ్లుతాడు.

ఉద్యోగాలు వెతికే కుర్రాళ్లదీ ఇదే టెన్షన్. ఇంటర్వ్యూ పిలుపు స్పామ్‌లో పడితే, జీమెయిల్ 30 రోజులకు దాన్ని చెరిపేస్తుంది. ‘స్పామ్ ఫోల్డర్ చూసుకోండి’ అని ప్రతి సైటూ చెప్పడమంటే, ఫిల్టర్ పని మళ్లీ మన నెత్తిన పెట్టడమే.

మెయిల్‌ను తిరస్కరించి, ఆ మాట పంపినవారికి చెప్పే వీలు మెయిళ్లు సర్వర్ల మధ్య ఎలా వెళ్లాలో చెప్పే 1982 నాటి ఎస్‌ఎంటీపీ నియమాల్లోనే ఉంది. అలా చెబితే మోసగాళ్లు తెలివిమీరతారని ఒక వాదన. వాళ్లు నాలుగు ఉచిత ఖాతాలు తెరిచి తమ మెయిల్ ఎక్కడ పడుతోందో ఇప్పుడే చూసుకోగలరు. ఆ ఓపికా తీరికా లేనిది లేసు వ్యాపారికే. ముందుగా, మనమే రాసి అడిగిన మెయిల్‌కు వచ్చిన జవాబును పక్కన పెట్టినప్పుడైనా ఆ సంగతి మనకు చెప్పాలి.