కన్నుకొట్టే ‘డీ’ గారికి

మహారాజశ్రీ డీ గారి సముఖమునకు,

హనుమకొండ నుంచి తమ ఓనరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. ఉభయుల్లో ఒక్కరం కూడా కుశలంగా లేం కాబట్టి అది వదిలేసి సంగతిలోకి వస్తాను.

క్లచ్చు తొక్కే పనిలేని నా ఆటోమేటిక్ కారు డ్యాష్‌బోర్డు మీద పీ (పార్కింగ్), ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్) పక్కన, బండి ముందుకు నడిచే గేరులో ఉందని చెప్పే దీపంగా తమరు ఆకుపచ్చగా వెలుగుతుంటారు. వెలగండి, ఎవరూ వద్దనలేదు. 2010 మోడల్ బండిలో ఇంకా వెలిగే దీపాలు ఎన్నని! నా బాధ తమరు వెలిగి ఆరుతూ కన్ను కొట్టడం గురించి. అది కూడా కాదు. ఎవరి ముందు కొడతారు, ఎవరి ముందు కొట్టరు అనేదాని గురించి.

మొన్న ఆదివారం సాయంత్రం తమకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. కాజీపేటలో రిసెప్షన్ ముగించుకుని వస్తున్నాం. వాన. ఏసీ, హెడ్‌లైట్లు, వైపర్లు, అన్నీ నడుస్తున్నాయి. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద సరిగ్గా సగం ఎక్కాక తమరు కన్ను కొట్టడం మొదలుపెట్టారు. లెక్క ఎక్కడో తప్పిందని అనుమానం వస్తే గేర్‌బాక్స్ కంప్యూటరు తన ప్రాణం కాపాడుకోవడానికి బండిని ఒకే గేరుకు కట్టేస్తుందట. మనదానికి మూడోది. మెల్లగా ఇంటికి చేరుకోమని తయారుచేసినవాళ్లు చూపించిన దయ అది. పాపం, వాళ్లు ఫాతిమానగర్ బ్రిడ్జి చూడలేదు. ముందు బస్సు ఆగింది, నేనూ ఆగాను. బస్సు కదిలింది, నేను కదల్లేదు. మూడో గేరులో ఎత్తు ఎక్కాలంటే ఇంజన్ మూలుగుతుంది తప్ప చక్రాలకు చెవికెక్కదు. వెనక ఆటోలన్నీ ఒక్కటే హారన్. పట్టుచీరలో ఉన్న మా ఆవిడ ఒకటే అడిగింది: “ఎడమ కాలుకు రెస్టు అని కొన్నవు గదా, దొరికిందా?”

సరే, జరిగిందేదో జరిగింది. మర్నాడు పొద్దున్నే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. తమరు? భద్రకాళి గుడి ముందు దీపంలా నిశ్చలంగా వెలిగారు. ఆటోనగర్‌లో నాలుగు చక్కర్లు కొట్టించాను. రెప్ప కూడా వాల్చలేదు. “బండి మస్తుగున్నది గదా సార్” అన్నాడతను. అని ఊరుకోలేదు, ఎందుకైనా మంచిదని బ్యాటరీ టెర్మినల్ తీసి, పది నిమిషాలు ఆగి పెట్టాడు. దాంతో కంప్యూటరులో దాగి ఉన్న తప్పు తాలూకు ఆనవాళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. శవాన్ని కడిగేసి పోస్టుమార్టంకు పంపినట్టు. అంతా అయ్యాక, “మల్ల వస్తే మాత్రం గేర్‌బాక్స్ దించుడే, అరవై వేలు పెట్టుకోండ్రి” అన్నాడు.

రెండో ఆయన గేజు పుల్ల తీసి ఆయిల్ చూశాడు. ఎర్రగా, దానిమ్మ రసంలా ఉంది. వాసన చూశాడు, మాడిన వాసన లేదు. ఆయిల్ బ్రహ్మాండంగా ఉందని చెప్పి, మార్చేశాడు.

మూడో ఆయన దగ్గర బండి కంప్యూటరులోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ ఉంది. తమరు ఆ రోజు దారిలో ఒక్కసారి దయతలచి కన్ను కొట్టారు కాబట్టి కోడ్ దొరికింది: పీ0700. మన ఆఫీసుల్లో తలుపు బయట స్టూలు మీద కూర్చునే అటెండరు లాంటిది ఈ కోడ్. “లోపల సార్లకేదో లొల్లి ఉన్నది, ఏందో నాకు తెల్వదు, లోపలికి పోయి అడుగు” అంటుంది. లోపలికి పోయి అడిగేంత స్కానర్ ఆయన దగ్గర లేదు.

అప్పుడు నేను తెలివైన పని చేశాననుకున్నాను. తమరు ఇంటి దగ్గర కన్ను కొడుతుండగా ఫోన్లో వీడియో తీశాను. మళ్లీ మొదటాయన దగ్గరికే పోయి చూపించాను. చాయ్ తాగుతూ మొత్తం చూశాడు, ఇంకోసారి పెట్టమన్నాడు, చూశాడు. “నిజమే సార్, కొట్టుకుంటున్నది” అన్నాడు. తర్వాత బండిలోకి తొంగి చూసి, “ఇప్పుడు కొట్టుకుంటలేదు గదా” అన్నాడు.

ఇగ గారు గీరు నాతోని గాదు.

ఏందే నీ లెక్క? నేను నీకేం అన్యాయం జేసిన? డాక్టరు నడిపిన బండి, సింగిల్ ఓనర్ అని హైదరాబాద్ల జెప్తే నమ్మి తెచ్చుకున్న. పదిహేనేండ్లు నిండితే ఇంకో ఐదేండ్లు బతుకుమని ఆఫీసు సుట్టు తిరిగి రిజిస్ట్రేషన్ రెన్యువల్ జేయించిన. ఎలుకలు వైర్లు కొరుకుతున్నయంటె బానెట్ల పొగాకు కాడలు పెట్టిన. నీ అన్న పీ, బ్రేకు లైటు స్విచ్చి పోయిందని లివరును ఇడువకుండ పట్టుకుంటె, పక్కనున్న రంధ్రంల స్క్రూడ్రైవర్ గుచ్చి బతిమాలి ఇడిపించిన. బ్యాటరీ పడుకున్ననాడు గల్లీ పోరగాండ్లు నూకుతమని ఉరికొచ్చిండ్రు. ఆటోమేటిక్ నూకితే స్టార్ట్ గాదురా, ఇంజన్ తిరుగకుంటె లోపల ఆయిల్ పంపు తిరుగది, ఆయిల్ ప్రెషరు లేకుంటె క్లచ్చులు పట్టయి అని సమజ్ జేసేటాల్లకు బండి గల్లీ చివరికి చేరింది. గవన్ని ఓర్చుకున్న. గని నువ్వు మెకానిక్ ముంగట నన్ను అబద్ధాలకోరును జేసినవ్ సూడు, గది మాత్రం కడుపుల మండుతున్నది. మా అమ్మ నిమ్మకాయలు తొక్కిచ్చి పూజ జేయించిననాడు పంతులు ముంగట గూడ గంతే బుద్ధిమంతురాలివి. ఇంటి గేటు దాటినంక కన్ను కొట్టినవ్. పిచ్చోణ్ణి అనుకుంటుండ్రే నన్ను!

ఇయ్యాల నిన్ను పోచమ్మ మైదాన్ అవతల సెల్ఫులు, డైనమోలు కట్టే చాచా దగ్గరికి తెచ్చిన. ఆయన గేర్‌బాక్స్ దిక్కు సూడనే లేదు. “ఎప్పుడు కొడ్తది బేటా?” అన్నడు. పొద్దుగూకినంక, వానల, ట్రాఫిక్ల అన్న. “మెకానిక్ దగ్గరికి ఎప్పుడు తీస్కపోతవ్?” పొద్దుగాల అన్న. నవ్విండు. “పొద్దుగాల ఏసీ బంద్, లైట్లు బంద్, వైపర్ బంద్. దానికి ఏం రంది ఉన్నదని కొడ్తది? జ్వరం రాత్రి వస్తే దవాఖానకు రాత్రి పోవాలె.”

ఆయన లెక్క ఏందంటె, స్లోల ఉన్నప్పుడు డైనమో ఇచ్చేదే తకువ, నువ్వు అడిగేది ఎక్కువ. ఇంజనుకు, బాడీకి నడుమ ఉన్న అర్తింగ్ వైరు పదిహేనేండ్లది. బోల్టు కింద తెల్లగ, పచ్చగ బూజు లెక్క పట్టి ఉంటది. వేడెక్కితె కరెంటు వాపస్ వచ్చే తొవ్వ ఇంక ఇరుకైతది. అప్పుడు లివరు ఏ గేరుల ఉన్నదో చెప్పే సిగ్నలు గూడ ఆగమాగమైతది, కంప్యూటరు భయపడ్తది. మీటరు తీసి ఒక పిన్ను బ్యాటరీ మైనస్‌కు, ఇంకోటి గేర్‌బాక్స్ మీద పెట్టిండు. ఆ తొవ్వల తగ్గేది 0.08 వోల్టు. “0.2 దాటొద్దు. ఇప్పుడు మంచిగనే ఉన్నది. కొట్టినప్పుడు సూడాలె” అన్నడు.

గందుకే గంటన్నర నుంచి ఎర్రటి ఎండల, యాపచెట్టు కింద, అన్నీ వేసుకుని కూసున్న. టైర్ల కింద రెండు రాళ్లు. లివరు నీ మీద, కాలు బ్రేకు మీద. కుడికాలు తిమ్మిరెక్కింది, ఎడమకాలు ఎప్పట్లెక్కనే ఖాళీ. ఎండిన అద్దం మీద వైపర్లు కీచు కీచు మంటున్నయి. ఇప్పటికి ఆరుగురు వంగి జెప్పిండ్రు: “సార్, లైట్లు వేసున్నయి.” ఒక ముసలమ్మ అద్దం దించమని సైగ జేసి, “వాన వస్తలేదు బిడ్డా” అన్నది. పెట్రోలు ముల్లు కిందికి దిగుతున్నది. నువ్వు మాత్రం కదలవు, మెదలవు. చాచా సూసి సూసి, చాయ్ తాగొస్తనని రోడ్డు అవతలికి పోయిండు. గిప్పుడే, రెండు నిమిషాలు గూడ కాలే.

ఆగు.

కొట్టినవా? కొట్టినవ్. మల్ల కొట్టినవ్!

చాచా! ఓ చాచా! కొడ్తున్నది!

ఇన్నడు. గ్లాసు కింద పెట్టిండు. మీటరు బానెట్ మీదనే ఉన్నది. రోడ్డు దాటుతుండు, నడుమల ఆటో అడ్డం వచ్చింది. నువ్వు ఆపకు. నీ కాల్మొక్కుత, జర సేపు ఆపకు. ఇన్ని దినాలు తిట్టినందుకు పట్టించుకోకు, కోపంల అన్న. నా బంగారం గదా, కొట్టు, గాయన వచ్చేదాంక కన్ను కొట్టు