గడుసు నీళ్లు

మా అత్తగారిది రాజమండ్రి. గోదావరి నీళ్లు తాగి పెరిగిన మనిషికి ఇంకే ఊరి నీళ్లూ నీళ్లలా ఆనవు. బెంగళూరులో మా ఫ్లాట్‌కి వచ్చిన మొదటి రోజే కందిపప్పు కుక్కర్‌లో పెట్టి ఏడు కూతలు కూయించారు. మూత తీస్తే పప్పు పలుకు పలుకుగా, పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఆర్వో నీళ్లు పొయ్యాల్సిందమ్మా" అంది మా ఆవిడ.

"అది బిందెడు ఇచ్చి రెండు బిందెలు పారబోస్తోందే. చూస్తూ చూస్తూ ఆ పాపం నేను చెయ్యలేను."

మేముండేది కె.ఆర్.పురం దాటాక. 2024 అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ మొదలైందనీ, రోజుకి 77.5 కోట్ల లీటర్లు, నగరం చుట్టూ ఉన్న 110 గ్రామాలకి ఇస్తారనీ పేపర్లో చదివి స్వీట్లు పంచినవాళ్లలో నేనూ ఉన్నాను. కనెక్షన్ డబ్బు ఎవరెంత వేసుకోవాలో మా అపార్ట్‌మెంట్‌వాళ్లు ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. అందాకా బోరు. బోరు మొరాయిస్తే ట్యాంకరు. ట్యాంకరులో ఉండేదీ ఇంకెవరిదో బోరు నీళ్లే. కుళాయిలన్నిటికీ తెల్లగడ్డాలు పెరిగాయి. షవర్‌కి ఉన్న చిల్లుల్లో తొమ్మిదే పనిచేస్తాయి, ఆ తొమ్మిదీ గోడకి స్నానం చేయిస్తాయి.

గీజర్ బాగుచెయ్యడానికొచ్చిన కుర్రాడు లోపల్నించి దోసెడు సున్నప్పెచ్చులు తీసి చూపించి, "గడసు నీరు సార్" అన్నాడు. కన్నడంలో గడసు అంటే గట్టిదని, కఠినమని. వంటింట్లోంచి అత్తయ్యగారికి ఇంకోలా వినపడింది.

"గడుసువే మరి! సబ్బుని నురగ రానివ్వవు, పప్పుని ఉడకనివ్వవు. అచ్చం మా పెద్దాడపడుచు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో వాటి పేరు అదే.

అల్లుడన్నవాడు అత్తగారి ముందు చేతులు కట్టుకుని కూర్చోలేడు కదా. 22,000 పెట్టి, నీళ్ల గడుసుతనం తీసే సాఫ్ట్‌నర్ అనే మిషన్ బిగించమని ఆ కుర్రాడికే చెప్పాను. అది వచ్చేలోగా పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు ఒకటి కొన్నాను. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్నవన్నీ కలిపిన లెక్క. అక్కడే పాడయింది కథ. బోరు నీళ్లు 842. ఆర్వో నీళ్లు 60. తర్వాత కొబ్బరినీళ్లు, మజ్జిగ తేట, పూజగదిలో తీర్థం. తీర్థం దగ్గర మా ఆవిడ మీటరు లాక్కుని ఫ్రిజ్ మీద పెట్టేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఉపన్యాసం ఇచ్చాను. మన దేశపు ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుండాలి, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా సర్దుకోవచ్చు, వగైరా. మావయ్యగారు కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరైన మనిషి. కంచంలోంచి తలెత్తకుండానే, "గడుసుతనానికి లెక్క వేరే ఉంటుంది కదా అల్లుడుగారూ, 200, 600 అని?" అన్నారు.

"అన్నీ ఒకటే మావయ్యగారూ" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకు నిద్రలో వినపడుతుంది.

సాఫ్ట్‌నర్ బిగించారు. కుళాయి కింద మీటరు పెట్టాను. 839. 22,000 రూపాయలకి మూడంటే మూడు తగ్గింది! కుర్రాడికి ఫోన్ చేసి ఎడాపెడా వాయించాను. "సార్, ఇది గడసు తీస్తుంది, టీడీఎస్ తీయదు" అంటాడు. మోసం చేసేవాళ్లంతా ఇలాగే మాట్లాడతారని ఫోన్ పెట్టేసి, నేనే రంగంలోకి దిగాను. మిషన్‌లో గడుసుతనాన్ని పట్టుకునే రెసిన్‌ని ఉప్పునీళ్లతో కడిగితే దాని శక్తి తిరిగొస్తుందని వాడే చెప్పాడుగా! రాత్రి పదకొండింటికి రెండు కిలోల ఉప్పు అదనంగా పోశాను. చక్రం తిప్పే వరుస కూడా కంఠతా వచ్చు: బ్యాక్‌వాష్, బ్రైన్ (అంటే ఉప్పునీళ్లు), రిన్స్, సర్వీస్. మూడోదాని దగ్గర ఆగాను. రిన్స్ అంటే బోలెడు నీళ్లు డ్రైనేజీలోకి వదలడం. ట్యాంకరు డబ్బు కళ్లముందు కదిలింది. దాన్ని దాటించి తిన్నగా సర్వీస్‌లో పెట్టి హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే బాత్‌రూమ్‌లోంచి మా అబ్బాయి కేక. పుక్కిలించిన నీళ్లు అద్దం మీద ఉన్నాయి. వాడి వెనకాలే కళ్లు మండుతున్నాయంటూ మా ఆవిడ. ఇవన్నీ పెద్ద సంగతులు కావు. అసలు సంగతి హాల్లో జరుగుతోంది. అత్తయ్యగారు కుళాయి నీళ్లతో డికాక్షన్ తీసి, బీపీ వల్ల ఏడాదిగా ఉప్పు తగ్గించిన మావయ్యగారికి కాఫీ ఇచ్చారు. ఆయన ఒక గుక్క తాగి, గ్లాసులోకి చాలాసేపు చూసి, ఎంతో మర్యాదగా అడిగారు.

"అల్లుడుగారూ, ఇది కాఫీయా, పోపు పెట్టడం మర్చిపోయిన చారా?"

నేను జరిగింది చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టారు. నలభై ఏళ్ల క్లాసురూము ఒక్కసారిగా ఆయన మొహంలోకొచ్చింది.

"బస్సనుకోండి. గొడవ చేసేవాళ్లు ఇద్దరు, కాల్షియం, మెగ్నీషియం. మీ మిషన్ ఆ ఇద్దర్నీ దింపి, వాళ్ల సీట్లలో సోడియాన్ని కూర్చోబెడుతుంది. బస్సు నిండుగానే ఉంటుంది. మీ మీటరు కండక్టరు లాంటిది, తలలు లెక్కపెడుతుందంతే. అసలది కొలిచేదే కండక్టివిటీ! దిగినవాడు రౌడీయా, ఎక్కినవాడు మంచివాడా, దానికేం తెలుసు?"

"మరి ఈ చేదు?" అన్నాను.

"రాత్రి మీరు దింపిన మెగ్నీషియం. ఇంటికి పంపకుండా కాఫీలోకి పంపారు."

కుర్రాడికి ఫోన్ చేసి, ముందు సారీ చెప్పి, తర్వాత రమ్మన్నాను. వచ్చాడు. నా వైపు చూడకుండా రిన్స్‌లో పెట్టి అరగంట వదిలాడు. తర్వాత చిన్న సీసాలో నీళ్లు పట్టి మందు చుక్క వేస్తే చక్కటి నీలిరంగు. బోరు నీళ్లలో అదే చుక్క ఎర్రగా తిరిగింది. "నీలం అంటే గడసు లేదు సార్" అన్నాడు. మావయ్యగారు ఆ సీసాని వెలుగులో పట్టుకుని మురిసిపోయారు, మనవణ్ణి ఎత్తుకున్నప్పుడు కూడా అంత మురవలేదు.

ఇక శాంతి అనుకున్నాను. అత్తయ్యగారు స్నానానికి వెళ్లారు. పావుగంట, అరగంట, ముప్పావుగంట. లోపల నీళ్లు ధారగా పోతూనే ఉన్నాయి. తలుపు కొట్టింది మా ఆవిడ.

"ఏమైందమ్మా?"

"ఎంత కడిగినా సబ్బు వదలట్లేదే! ఒళ్లంతా కొర్రమీనులా జారిపోతోంది."

మెత్తని నీళ్లలో చర్మం అలాగే జారినట్టుంటుందనీ, సబ్బు ఎప్పుడో పోయిందనీ మావయ్యగారు బయటినుంచి వివరించబోయారు. లోపల్నించి ఒకటే మాట వచ్చింది.

"మీ కెమిస్ట్రీ తర్వాత చెబుదురుగాని, ముందు ఆ గడుసు నీళ్లే వదలమనండి!"

కుర్రాడు ఇంకా లిఫ్టు దగ్గరే ఉన్నాడు. వెనక్కొచ్చి, చక్రాన్ని బైపాస్‌లోకి తిప్పి వెళ్లాడు. ఆవిడ ఇంకో నెల ఉంటారట.