ముప్పై ఎక్స్ లూప్ మీద మామా అల్లుళ్ల గొడవ

తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో రాళ్లు పొదిగే మామ, షోరూం కౌంటర్లో కూర్చునే మేనల్లుడు. అల్లుడు ఆన్‌లైన్లో తెప్పించుకున్న లూప్ (నగలు, రాళ్లు పరీక్షించే చిన్న భూతద్దం) మీద ‘30 ఎక్స్’ అని ఉంది, మామ మెడలో వేలాడేది పాత 10 ఎక్స్. రాజీ కుదరలేదని ముందే చెప్పేస్తున్నా.

అల్లుడు: నీది పది రెట్లే, నాది ముప్పై రెట్లు, ధర చూస్తే నీదాంట్లో పావు వంతు కూడా లేదు. ఇంకా ఆ పాతదే ఎందుకు మామా?

మామ: ముప్పై అని రాసేస్తే ముప్పై అయిపోతుందా? ట్యూబ్‌లైట్ కింద తెల్ల కాగితం పెట్టు, దాని మీద నీ లూప్‌ను పైకీ కిందికీ జరుపు, లైటు బొమ్మ సన్న గీతలా పడిన చోట ఆపి స్కేలుతో కొలువు. ఎంత?

అల్లుడు: పాతిక మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ.

మామ: కన్ను హాయిగా చూసే దూరం 250 మిల్లీమీటర్లు, దాన్ని ఆ కొలతతో భాగించు.

అల్లుడు: పది.

మామ: మరి ముప్పై ఎక్కడికి పోయిందిరా? నిజంగా ముప్పై అయితే ఎనిమిది మిల్లీమీటర్ల దగ్గరే బొమ్మ పడాలి. అంటే రాయి అద్దానికి దాదాపు ఆనుకోవాలి, వెలుగు ఎటునుంచి వస్తుంది, పట్టకారు ఎక్కడ పెడతావు? పైగా దాంతో గ్రాఫ్ కాగితం చూడు, అంచుల్లో గీతలు వంగిపోయి నీలం, నారింజ రంగులు పూసుకుని ఉంటాయి. నాది ట్రిప్లెట్, మూడు అద్దాలు అతికించి ఆ వంకర, ఆ రంగులు రాకుండా చేసినది. నేను డబ్బు పెట్టింది దానికి.

అల్లుడు: సరే, అమ్మినవాడు బొంకాడు. నిజమైన 20 ఎక్స్ కొంటే?

మామ: రాయి రెండింతలు కనబడుతుంది, కనబడే జాగా తగ్గిపోతుంది. పైభాగం మీద ఫోకస్ పెడితే లోపలి మచ్చ మసక, చెయ్యి కాస్త కదిలిందా, అంతా పోయె. వజ్రం క్లారిటీ, అంటే మచ్చలెంత తక్కువో, 10 ఎక్స్ మీదే చెప్పాలని ఊరికే పెట్టలేదు. వజ్రాలకు గ్రేడు ఇచ్చే జీఐఏ సంస్థ లెక్కలో ఫ్లాలెస్ అంటే నేర్పున్న కంటికి పది రెట్లలో లోపలా బయటా ఏమీ దొరకనిది, అంతే.

(మధ్యలో నా మాట: లూప్ కొత్తగా పట్టేవాళ్లందరూ దాన్ని రాయి దగ్గర పెట్టి తల దూరంగా ఉంచుతారు. లూప్ కంటికి ఆనించి, మోచేతులు బల్ల మీద పెట్టి, రెండు కళ్లూ తెరిచి, రాయినే దగ్గరకు తెచ్చుకోవాలి. ఇది రానివాడికి ఏ లూప్ అయినా దండగే.)

అల్లుడు: అసలు అద్దమే ఎందుకంటా. మా కౌంటర్లో డైమండ్ టెస్టర్ ఉంది, ముల్లు తాకిస్తే కూస్తుంది, అయిపోయింది.

మామ: వజ్రంలా మెరిసే వేరే రాయి మొయిసనైట్ ఉంది, దానికీ కూస్తుంది. మామూలు టెస్టర్ చూసేది రాయి వేడిని ఎంత తొందరగా లాగేస్తుందో, అందులో మొయిసనైట్ వజ్రానికి దగ్గరగా ఉంటుంది. లూప్ పెట్టి రాయిని కాస్త వాల్చి లోపలికి చూడు. వెనక ఫేసెట్ల, అంటే సానబట్టిన ముఖాల, అంచులు ఒక్కోటి జంట గీతలుగా కనబడతాయి. వజ్రంలో ఒక్కటే గీత. నిటారుగా పైనుంచే చూస్తే మాత్రం తెలీదు, చాలామంది మోసపోయేది అక్కడే. కెంపులూ అంతే, కృత్రిమంగా కెంపులు చేసే వెర్నుయి పద్ధతి 1902 నుంచీ ఉంది, అలా మంటలో కరిగించి చేసిన రాయిలో గీతలు వంపు తిరిగి ఉంటాయి, బుడగలూ దొరుకుతాయి. మీ ముల్లు అవి చెబుతుందా?

అల్లుడు: మరి ల్యాబ్‌లో పెంచిన వజ్రం? అదీ వజ్రమే. అందులో నీకు జంట గీతలు దొరకవు. నీ లూప్ ఏం చెబుతుంది?

మామ: ఏమీ చెప్పదు. నడుము అంచు మీద లేజర్‌తో చెక్కిన నంబరుంటే చదువుతా, లేకపోతే ల్యాబ్‌కి పంపాల్సిందే.

అల్లుడు: అదే నేను మొత్తుకునేది! ఇప్పుడొచ్చే రాళ్లలో అవి ఎన్ని ఉంటాయో తెలుసా? యంత్రం లేకుండా కుదరదు మామా, కన్ను ఎంత మంచిదైనా.

మామ: యంత్రం వద్దన్నానా? కూత విన్న వెంటనే రసీదు రాసేయొద్దంటున్నా. సరే, ఈ బంగారు కమ్మ మీద హెచ్‌యూఐడీ చదువు, అదే హాల్‌మార్క్‌లో ఒక్కో నగకు వేసే అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ ఆరు అక్షరాలు లేకుండా షాపుల్లో అమ్మకూడదు కదా.

అల్లుడు: ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేస్తే సరి... చదివేశా, హాల్‌మార్క్ సరిచూసే బీఐఎస్ కేర్ యాప్‌లో కొడుతున్నా. రాలేదే. దొంగ ముద్రా?

మామ: తొందరపడకు. మూడోది ఏం కొట్టావు?

అల్లుడు: ఎనిమిది.

మామ: లూప్‌లో చూడు. ఎడమ పక్క గీత నిటారుగా లేదూ? అది ఇంగ్లీషు బి.

అల్లుడు: ఆ, వచ్చింది. 22 క్యారెట్లు, 916.

మామ: ఏ నగ అని చూపిస్తోంది? ముద్ర ఉన్న ఉంగరం ముక్క తెచ్చి కమ్మకు అతికించేవాళ్లున్నారు.

అల్లుడు: కమ్మలే. అయినా మంచి కెమెరా మైక్రోస్కోప్ ఉంటే బి అనీ ఎనిమిదనీ ఈ గొడవే ఉండదు, వచ్చే నెల తెప్పిస్తున్నా చూడు.

మామ: తెప్పించు. ఎన్ని రెట్లో మాత్రం కొలిచి తీసుకో.