కూటమి పడే లెక్క ఏదండీ?

వ్యాసకర్త గారూ, మీ వ్యాసంలో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమి ఎన్నాళ్లుంటుందోనని అనుమానపడ్డారు. మా గుంటూరు బ్రాడీపేట టీకొట్ల దగ్గరా ఇదే మాట. 2024 అసెంబ్లీ ఎన్నికల లెక్క చూడండి. 175లో తెలుగుదేశానికే 135, జనసేనకు 21, బీజేపీకి 8. మెజారిటీకి 88 చాలు. పవన్ గారు అలిగినా సర్కారు పడదు.

భయం ఉంటే గింటే ఢిల్లీలో ఉండాలి. లోక్‌సభలో బీజేపీ 240 దగ్గరే ఆగింది, మెజారిటీకి కావలసింది 272. మన తెలుగుదేశం ఎంపీలు 16 మంది, బీహార్ నితీశ్ గారి జేడీయూ ఎంపీలు 12 మంది కలిసి పక్కకు జరిగితే ఎన్డీయే 293 కాస్తా 265! (1999లో వాజ్‌పేయి ప్రభుత్వం పోయింది ఒక్క ఓటుతోనే.)

ఇక్కడ గొడవంటూ వస్తే నామినేటెడ్ పదవుల దగ్గర, పంచాయతీ సీట్ల దగ్గర వస్తుంది. నిన్నటిదాకా మొహాలు చూసుకోని ఈ పార్టీల కార్యకర్తలు ఇప్పుడు ఒకే ఫ్లెక్సీలో ఇరుక్కున్నారు మరి. ఈసారి వాళ్ల సంగతి రాయండి.