సంతకంతో చేజారుతున్న వాటా

ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా ఉండాలా అని అడిగితే చెన్నైలోని తెలుగు ఇళ్లలో ఈనాడు కాదనేవారు అరుదు. పెరంబూరులోనో విల్లివాక్కంలోనో నలుగురు పెద్దలు కూర్చున్న చోట ఈ మాట వస్తే, ఆ చట్టం ఎప్పుడో రావలసిందని ఒప్పుకుంటారు. అదే పెద్దల ఇంట్లో తండ్రి సంవత్సరీకం ముగిసి, నెల్లూరు జిల్లాలోని పొలం కాగితాల ప్రస్తావన రాగానే, ‘‘అక్కచెల్లెళ్లు ఒక సంతకం పెట్టేస్తే పని అయిపోతుంది’’ అంటారు. దేశానికి మంచిదని మెచ్చుకున్న చట్టాన్ని సొంత ఇంటి గడప దగ్గర ఆపేస్తున్న ఈ ధోరణిని మేము చిన్న విషయంగా చూడలేకపోతున్నాము.

ఈ హక్కు ఊరికే రాలేదు. ఈ నగరంలో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పి, మద్రాసు నుంచి రాజ్యాంగ సభలో అడుగుపెట్టిన దుర్గాబాయి, స్త్రీలకు ఆస్తి హక్కు కల్పించే హిందూ కోడ్ బిల్లు పక్షాన నిలిచారు. ఆ బిల్లు ముందుకు సాగకపోవడం ముఖ్య కారణంగా డాక్టర్ అంబేద్కర్ 1951లో కేంద్ర మంత్రి పదవిని వదులుకున్నారు. 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టం, తండ్రి వీలునామా రాయకుండా కన్నుమూస్తే ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమాన భాగం ఇచ్చింది గానీ, ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కును మాత్రం మగపిల్లలకే మిగిల్చింది. ఆ లోపాన్ని సరిదిద్దడంలో తెలుగువారు ముందు నడిచారన్నది మనం గర్వంగా చెప్పుకోదగిన విషయం. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. తమిళనాడు 1989లో, కర్ణాటక 1994లో అదే బాట పట్టాయి. అయితే ఈ సవరణలు అప్పటికే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టడంతో, ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు లేని హక్కు చెల్లెలికి దక్కింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడాను తుడిచివేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు చెల్లుతుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చి చెప్పడంతో మిగిలిన సందేహమూ తీరింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా ముగిసిన పంపకాలను మాత్రం తిరగదోడరు.

ఇంత చేసినా, 2015-16 వ్యవసాయ గణన నాటికి దేశంలోని కమతాలలో మహిళలు నిర్వహిస్తున్నవి దాదాపు 14 శాతమే. చట్టం ఇచ్చింది ఎక్కడ ఆగిపోతోందో చూడాలంటే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయపు వరండాలో ఒక పూట నిలబడితే చాలు.

చెన్నై నుంచి పొద్దున్నే రైలెక్కి సూళ్లూరుపేటలోనో గూడూరులోనో దిగిన ఆడపడుచు ఆ వరండాలో నిలబడి ఉంటుంది. తన వాటాను వదులుకుంటున్నట్టు ఆమె రాసిచ్చే హక్కు విడుదల దస్తావేజు అప్పటికే తయారై ఉంటుంది. ఆమె ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, బడిలో చదివింది తమిళం, ఇంగ్లీషు. దస్తావేజు లేఖరి రాసిన తెలుగు ఆమెకు చదవడం రాదు. వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేస్తుంది. ‘‘ఏం రాశారన్నా?’’ అని అడిగితే, ‘‘ఏముందమ్మా, పొలం నా పేరు మీదికి మారడానికి’’ అన్న జవాబు వస్తుంది. ఎన్ని ఎకరాలో, ఏ సర్వే నంబరో, ఇవాళ్టి ధర ఎంతో ఆ జవాబులో ఉండవు. సాయంత్రం బండికి ఎక్కించేటప్పుడు వదినగారు ఒక చీర, రవికెల గుడ్డ, పసుపు కుంకుమలు చేతిలో పెడతారు. ఆంధ్ర నుంచి కోడలిగా ఇక్కడికి వచ్చిన స్త్రీ తమిళంలో రాసిన కాగితం మీద సంతకం చేయవలసి వచ్చినప్పుడు ఇదే అయోమయం తిరగబడుతుంది. రెండు రాష్ట్రాల మధ్య, రెండు లిపుల మధ్య బతుకుతున్న మన కుటుంబాలలో ఈ చిక్కు మరీ ఎక్కువ.

ఇష్టపడి వదులుకునే అక్కచెల్లెళ్లు లేరని మేము అనడం లేదు. అప్పుల్లో మునిగిన తమ్ముడి కోసం, ఊళ్లో ఒంటరిగా సేద్యం చేస్తున్న అన్న కోసం తన భాగాన్ని మనస్ఫూర్తిగా ఇచ్చే స్త్రీ గొప్పదే. కానీ తనకు ఎంత వస్తుందో తెలిసి ఇస్తేనే అది ఇవ్వడం అవుతుంది. తెలియనివ్వకుండా తీసుకున్నదాన్ని ఆమె త్యాగంగా చెప్పుకోవడం మాకు న్యాయంగా తోచడం లేదు.

‘‘పెళ్లికి ఇచ్చిన కట్నంతోనే దాని భాగం తీరిపోయింది’’ అన్న వాదన ఇప్పటికీ బలంగా ఉంది. 1961 నుంచి నేరమైన పనిని చేశామని చెప్పి, దాని ఆధారంగా కూతురి వాటాను చెల్లగొట్టడం ఏ విధంగా చూసినా తప్పు. పైగా ఆ డబ్బు అమ్మాయి చేతికి వచ్చిందా? వియ్యంకుల చేతికి వెళ్లింది. పెళ్లి ఖర్చులో, ఆడపడుచు లాంఛనాలలో కరిగిపోయింది. భర్త పోయిన రోజునో, కాపురం చెడిన రోజునో ఆ కట్నంలో ఒక్క రూపాయి కూడా ఆమెకు నీడ కాలేదు. పుట్టింటి అరెకరం ఉండి ఉంటే అయ్యేది.

తల్లిదండ్రులను చూసుకునేది కొడుకే కదా అన్నది మరో మాట. ఈ మాటలో కొంత నిజముంది; మంచాన పడిన తండ్రికి ఏళ్ల తరబడి సేవ చేసిన కొడుకు, కోడలు పడిన కష్టాన్ని లెక్కలోకి తీసుకోవలసిందే. కానీ 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఆ బాధ్యతను కూతురి మీద కూడా పెట్టింది. ఈ నగరంలో ఎందరో తల్లులు కూతుళ్ల ఇళ్లలోనే కన్నుమూస్తున్నారు. బాధ్యతలో ఆమెను లెక్కించి భాగంలో లెక్కించకపోవడం ఏ పెద్దమనిషీ సమర్థించలేని తీర్పు.

ఇంతమంది ఆడవాళ్లు చట్టం తెలిసి కూడా ఎందుకు ఊరుకుంటున్నారన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే: పుట్టిల్లు దూరమవుతుందన్న భయం. అడిగితే సంక్రాంతికి పిలుపు ఉండదు, పిల్ల పెళ్లికి మేనమామ పీటల దగ్గరికి రాడు. ‘‘కోర్టుకెక్కిన ఆడపడుచు’’ అన్న పేరు పడుతుంది. ఆ భయాన్ని అన్నదమ్ములు నోటితో కల్పించకపోయినా, వారి మౌనం దాన్ని పెంచుతోంది. ఒకసారి రిజిస్టరైన విడుదల దస్తావేజును రద్దు చేయించుకోవాలంటే మోసాన్నో ఒత్తిడినో సివిల్ కోర్టులో రుజువు చేయాలి, అదీ విషయం తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు. అన్నమీద అటువంటి దావా వేసే చెల్లెళ్లు ఎందరుంటారు?

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు పూనుకుంటే తేలికగా చేయగల పని ఒకటుంది. హక్కు వదులుకుంటున్న వ్యక్తికి అర్థమయ్యే భాషలో దస్తావేజు సారాంశాన్ని, ఆమె వదులుకుంటున్న భాగం మార్కెట్ విలువను ఆమెకు విడిగా చదివి వినిపించి, విన్నట్టు నమోదు చేసిన తర్వాతే రిజిస్ట్రేషను జరగాలి. అయితే దానికోసం ఆగవలసిన అవసరం ఏ కుటుంబానికీ లేదు. ముసాయిదా ప్రతిని పది రోజుల ముందే అక్కచెల్లెళ్ల చేతికి ఇవ్వవచ్చు. ఏ పొలం, ఎన్ని సెంట్లు, ఎంత ధర అన్నవి అందులో వారు చదవగలిగే లిపిలో ఉండాలి. దానితోపాటు, సంతకం పెట్టినా పెట్టకపోయినా పండక్కి ఇంటికి రావాలమ్మా అన్న మాటను అన్నదమ్ములే ముందుగా చెప్పాలి.